తూకం వేస్తే తగ్గిపోయే మైలేజీ

ఇంజనుకు ఏదో ఒక పరికరం తగిలించి మైలేజీ పెంచుకున్న సజ్జనులకు చాలాకాలంగా అన్యాయం జరుగుతోంది. వారు పరికరం కొంటారు, బిగిస్తారు, ఒక ట్యాంకు తిరుగుతారు, లెక్క కడతారు. లీటరుకు రెండు కిలోమీటర్లు పెరిగినట్టు తేలుతుంది. బంధుమిత్రులు విని సంతోషిస్తారు. అంతలో ఎవరో ఇంజనీరు ఒక తక్కెడ, ఒక థర్మామీటరు పట్టుకుని దాపురిస్తాడు. అదే కారును అదే పరికరంతో నడిపి, తాగిన పెట్రోలును గ్రాముల్లో తూస్తాడు. పెరిగిన మైలేజీ కనిపించదు. దానితో ఆయన పరికరం పనిచేయదని తీర్మానిస్తాడు. తక్కెడ రానంతకాలం నిక్షేపంగా ఉన్న మైలేజీ అది రాగానే పోయిందంటే, దోషం ఎవరిదో పసిపిల్లలు కూడా చెప్పగలరు.

కాబట్టి మైలేజీ లాభానికీ కొలత కచ్చితత్వానికీ మధ్య ఉన్న విలోమ సంబంధాన్ని లోకం దృష్టికి తెచ్చి, ఇకమీదట ఇటువంటి తూకాలను నిషేధించాలని సవినయంగా కోరుతున్నాను.

ముందుగా కారు పుట్టిన నాటి నుంచి వస్తున్న సంప్రదాయ పద్ధతిని చూద్దాం. ట్యాంకు నిండా పోయించాలి, కొన్ని వందల కిలోమీటర్లు తిరగాలి, మళ్లీ నిండా పోయించాలి, తిరిగిన దూరాన్ని పట్టిన పెట్రోలుతో భాగించాలి. ట్యాంకు ఎప్పుడు నిండిందో తీర్పు చెప్పేది పెట్రోలు పోసే నాజిల్. దాని మూతి దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోలు పారుతున్నంతసేపూ నాజిల్ ఆ రంధ్రం గుండా గాలి పీలుస్తూ ఉంటుంది. పైకి వచ్చిన పెట్రోలు రంధ్రాన్ని మూసేయగానే లోపల పీడనం పడిపోయి, ఒక పలుచని పొర కదిలి, మీట టక్కున విడిపోతుంది. నురగ లేచినా, కారు ఒక పక్కకు వాలి నిలబడినా, ధార జోరుగా ఉన్నా, నాజిల్‌ను కాస్త లోతుగా దూర్చినా ఆ టక్కుమనే చప్పుడు ముందే వినిపిస్తుంది. లీటరు అటూ ఇటూ కావడాన్ని నాజిల్ పెద్దగా పట్టించుకోదు.

ఇక గణితం. 300 కిలోమీటర్లకు 20 లీటర్లు పడితే లీటరుకు 15. నాజిల్ ఒక లీటరు ముందే అలిగి ఆగిపోతే పట్టింది 19 లీటర్లు, మైలేజీ 15.8. అయిదు శాతం పైచిలుకు లాభం! పెట్టె మీద రాసిన హామీల్లో చిన్నది అప్పుడే నెరవేరింది, అదీ పరికరాన్ని పెట్టెలోంచి బయటికి తీయకముందే. తప్పిపోయిన ఆ లీటరు తరువాతి ట్యాంకులో తిరిగొచ్చి మైలేజీని దించేస్తుందని కొందరు గొణుగుతారు. అందుకే అనుభవజ్ఞులు తరువాతి ట్యాంకు లెక్క కట్టరు.

పెట్రోలు కూడా మనకు సహకరిస్తుంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దాని పరిమాణం దాదాపు వెయ్యో వంతు పెరుగుతుంది. అంటే పది డిగ్రీల తేడాకు ఒక శాతం. చల్లటి పెట్రోలు లీటరులో సరుకు ఎక్కువ, వేడి పెట్రోలు లీటరులో తక్కువ. ఇంజనీర్లు లీటర్లను నమ్మక కిలోగ్రాములను ఆశ్రయించింది ఇందుకే. ఇంత అనుమానపు బుద్ధి ఉన్నవారితో శాస్త్రచర్చ చేయడం కష్టం.

తిరిగిన దూరం చూపే ఓడోమీటరు మంచితనాన్ని ఎంత పొగిడినా తక్కువే. అది చక్రం తిరిగిన చుట్లను లెక్కపెడుతుంది తప్ప నేలను ఏనాడూ చూసి ఎరగదు. టైరు మీద ఆరు మిల్లీమీటర్ల రబ్బరు అరిగితే వ్యాసంలో పన్నెండు మిల్లీమీటర్లు పోతాయి. 600 మిల్లీమీటర్ల చక్రానికి అది రెండు శాతం. చక్రం చిన్నదైన కొద్దీ అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది కనుక, కారు ఎక్కడికీ అదనంగా వెళ్లకపోయినా ఓడోమీటరు అదనంగా ప్రయాణం చేస్తుంది. ఇంజనును ముట్టుకోకుండా మైలేజీ పెంచాలనుకునేవారు వ్యాసం ఇంకా తక్కువున్న టైర్లు వేయించుకోవచ్చు. ఈ తర్కాన్ని చివరిదాకా సాగదీస్తే బొమ్మకారు చక్రాల దాకా వెళ్లవచ్చు గానీ, అన్నిటికీ ఒక హద్దు ఉండాలి.

ఈ లెక్కల బాదరబందీ వద్దనుకునేవారికి డ్యాష్‌బోర్డు మీద మైలేజీ చూపే తెర ఉండనే ఉంది. ఆ తెరకు పెట్రోలు కనిపించదు. ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో లెక్కపెట్టి, క్షణానికి ఇంత పోసి ఉంటాయని ఊహిస్తుంది. ఇంధన పీడనాన్ని పెంచేలా ఏదైనా మార్పు చేశారనుకోండి. అదే క్షణంలో ఎక్కువ పెట్రోలు పడుతుంది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్ దాన్ని పసిగడుతుంది, కంప్యూటర్ ఇంజెక్టర్లను తక్కువసేపు తెరుస్తుంది. ఇంజన్‌లోకి పోయే పెట్రోలు ఎప్పటిలాగే ఉంటుంది, తెర మీద మాత్రం మైలేజీ వెలిగిపోతుంది. యంత్రం కూడా మన పక్షాన అబద్ధం చెప్పగలదని నిరూపించిన ఈ మార్పుకు రావలసిన గౌరవం రాలేదు.

అయితే వీటన్నిటినీ తలదన్నే మహత్తర యంత్రభాగం డ్రైవరు కుడిపాదం. దూకుడుగా నడిపితే హైవే మీద 15 నుంచి 30 శాతం, ఆగి ఆగి సాగే ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం మైలేజీ పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. పరికరం బిగించిన మొదటి వారం యజమానిని గమనించండి. నిన్నటిదాకా పచ్చదీపం వెలగగానే బాణంలా దూసుకుపోయిన మనిషి, ఈరోజు ముందు బండి వెనుక దీపాలు ఎర్రబడక ముందే యాక్సిలరేటర్ మీద నుంచి పాదం తీసేస్తాడు. గేరు ఒకటి ముందుగానే మారుస్తాడు. ఖర్చుపెట్టిన సొమ్ము వృథా కాలేదని నిరూపించే బాధ్యత ఆ పాదం మీద పడింది మరి. గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి 80కి దిగితే గాలి నిరోధం మూడో వంతుకు పైగా తగ్గుతుంది. నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుందన్నది పాత పాఠమే. ఈ ఘనత పాదానిదని ఇంజనీర్లు అంటారు. కానీ ఆ పాదానికి బుద్ధి చెప్పింది ఎవరు? బానెట్ కింద అంటించిన డబ్బా కాదా?

బిగించిన మెకానిక్ సేవ కూడా లెక్కలోకి రావాలి. బానెట్ ఎత్తాక ఊరికే ఉండలేక స్పార్క్ ప్లగ్గులు చూస్తాడు, ఆయిల్ మారుస్తాడు, టైర్లలో గాలి సరిచేస్తాడు. ఆయిల్‌కు ఖ్యాతి రాదు, గాలికి రాదు. కీర్తి ఎప్పుడూ కొత్తగా వచ్చినవారిదే.

ఇంకొక రహస్యం ఉంది. మైలేజీ బాగున్నప్పుడు పరికరం ఎవరూ కొనరు. వరసగా రెండు ట్యాంకులు దారుణంగా వచ్చాకే కొంటారు. దారుణం తరువాత సాధారణం రావడం లోకసహజం. బాగా పొడవైన తల్లిదండ్రుల పిల్లలు సగటు వైపు కొంత దిగుతారని ఆంగ్ల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లోనే రాశాడు. మైలేజీ కూడా తన సగటు వైపు తిరిగి ఎక్కుతుంది. ఎక్కే సమయానికి బానెట్ కింద ఎవరుంటే వారికే దండ పడుతుంది. చలికాలంలో కొన్నవారికి ఎండాకాలం అదనపు కానుక. మైనస్ 7 డిగ్రీల చలిలో నగరంలో తిరిగే పెట్రోలు కారు మైలేజీ, 25 డిగ్రీలప్పటి కంటే దాదాపు 15 శాతం తక్కువని అమెరికా ఇంధన శాఖే చెబుతోంది. కనుక పరికరం కొనడానికి చలికాలాన్ని మించిన ముహూర్తం లేదు.

ఇప్పుడు పరికరాల దగ్గరకు వద్దాం. పెట్రోలు గొట్టానికి తగిలించే అయస్కాంతం వీటిలో అత్యంత సాత్వికమైనది. అణువులను ఒక వరుసలో నిలబెడుతుందట. పెట్రోలులోని హైడ్రోకార్బన్లు అయస్కాంతాన్ని ఖాతరు చేయవు. క్రమశిక్షణ లేని అణువులను ఏమనగలం? గాలిని సుడి తిప్పే రేకు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే థ్రాటిల్ రెక్క గాలిని ఎలాగూ అడ్డుకుంటూనే ఉంటుంది, రేకు ఇంకాస్త అడ్డుపడుతుంది. ఖరీదైన ఎయిర్ ఫిల్టర్ల భక్తులకు మాత్రం సానుభూతి తెలపాలి. మూసుకుపోయిన ఫిల్టరు కూడా నేటి ఇంజెక్షన్ పెట్రోలు కార్లలో మైలేజీని దాదాపు కదిలించలేదని, వేగం అందుకోవడం మాత్రమే మందగించిందని అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల 2009లో తేల్చింది. మురికి ఫిల్టరే నష్టం చేయనప్పుడు బంగారు ఫిల్టరు లాభం ఎక్కడి నుంచి తెస్తుందని అడిగేవారికి సౌందర్య దృష్టి లేదు.

నీటి నుంచి హైడ్రోజన్ తీసి ఇంజనుకు పట్టించే జాడీ కథ వేరు. దాని లెక్క ఓపికగా చూడాలి. పెట్రోలులో నూరు పాళ్ల శక్తి ఉందనుకుంటే, ఇంజను అందులో ముప్ఫై పాళ్లను చలనంగా మారుస్తుంది. ఆ ముప్ఫైని ఆల్టర్నేటర్ విద్యుత్తుగా మార్చేసరికి పద్దెనిమిది మిగులుతాయి. ఆ విద్యుత్తు నీటిని విడగొట్టి వాయువు చేసేసరికి పన్నెండు. ఆ వాయువు మళ్లీ అదే ఇంజన్‌లో మండి చలనమయ్యేది నాలుగు పాళ్ల లోపు. ముప్ఫై ఇచ్చి నాలుగు పుచ్చుకునే ఈ వ్యాపారాన్ని ఆదా అంటున్నారు. పిండి కొద్దీ రొట్టె అన్న మాట ఈ జాడీ దగ్గర ఎవరూ ఎత్తకూడదు. వాయువు శక్తినివ్వదు, పెట్రోలును పూర్తిగా మండిస్తుంది అని భక్తులు మాట మారుస్తారు. వేడెక్కిన ఇంజన్‌లో పెట్రోలు 95 నుంచి 98 శాతం ఎలాగూ మండిపోతోంది. వృథా అయ్యేది మండని పెట్రోలు కాదు, మండగా పుట్టిన వేడి. అది సైలెన్సర్ గుండా, రేడియేటర్ గుండా వెళ్లిపోతుంది. మిగిలిన ఆ రెండు నుంచి అయిదు శాతంలోంచి ముప్ఫై శాతం ఆదా తీసి చూపే జాడీని వెక్కిరించడం నాకు చేతకాదు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది స్టీరింగ్ కింది సాకెట్‌లో గుచ్చే చిన్న డబ్బా. గుచ్చగానే దీపాలు మిణుకుమంటాయి. దాదాపు 200 కిలోమీటర్లు నడిపితే అది మీరు కారు నడిపే తీరును నేర్చుకుంటుందని కాగితంలో రాసి ఉంటుంది. ఇటువంటి కొన్నింటిని విప్పి చూసిన ఇంజనీర్లకు దీపాలు, వాటిని ఆర్పి వెలిగించే ఒక చిప్, ఒక మీట కనిపించాయి. కారు కంప్యూటర్‌తో మాట్లాడటానికి కావలసిన భాగం కనిపించలేదు. వారు దీన్ని మోసం అన్నారు. మాటామంతీ లేకుండా, కేవలం కళ్లు ఆర్పుతూ 200 కిలోమీటర్లలో మన స్వభావం నేర్చుకునే పరికరం మోసం ఎలా అవుతుంది?

ఇక పగవారి పద్ధతి. ఇది చదివేటప్పుడు సున్నిత మనస్కులు జాగ్రత్తగా ఉండాలి. ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ లారీల కోసం జె1321 అనే పరీక్షను రూపొందించింది. ఒకేలాంటి రెండు లారీలను తీసుకుంటారు. ఒకదాన్ని అసలు ముట్టుకోరు. రెండింటినీ ఒకే దారిలో, ఒకే సమయంలో నడుపుతారు కాబట్టి గాలి, ఎండ రెండింటికీ ఒకటే. ఇంధనం విడి ట్యాంకులో ఉంటుంది. పరుగుకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి ఆ ట్యాంకును విప్పి తూకం వేస్తారు. రెండు లారీలు తాగినదాని నిష్పత్తి కడతారు. 1986 నాటి పద్ధతిలోనైతే మూడు పరుగుల నిష్పత్తులు రెండు శాతం లోపు ఒకదానితో ఒకటి సరిపడేదాకా వదలరు. అప్పుడు గానీ పరికరం బిగించరు. బిగించి ఇదంతా మళ్లీ మొదటి నుంచి చేస్తారు. ఇంకా కర్కశులైతే పరికరం తీసేసి మూడోసారి కూడా నడిపి, పెరిగింది మళ్లీ తగ్గిందా అని చూస్తారు. మరీ దుర్మార్గులు పరికరం ఉందో లేదో డ్రైవరుకే చెప్పరు. పాదానికి తెలియకుండా పరికరం ఎలా పనిచేస్తుందన్న ఇంగితం కూడా వారికి లేదు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం!

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలాగే వందకు పైగా పరికరాలను పరీక్షించింది. చాలా కొద్ది మాత్రమే స్వల్పంగా మెరుగు చూపాయి. ఆ కొద్దిలో కొన్ని చేసిన ఘనకార్యం, కారు వేగం అందుకునేటప్పుడు ఏసీ కంప్రెసర్‌ను కాసేపు ఆపడం. వేలు ఉన్న ప్రతి డ్రైవరు దగ్గరా ఈ పరికరం పుట్టుకతోనే ఉంది.

ఇదంతా చమురు కంపెనీల కుట్ర అనే వాదనను కూడా గౌరవించాలి. కెనడాకు చెందిన చార్లెస్ నెల్సన్ పోగ్ 1930లలో పెట్రోలును ఆవిరి చేసి గాలితో కలిపే ఒక కార్బ్యురేటర్‌కు పేటెంట్లు పొందాడు. దానితో గాలనుకు 200 మైళ్లు, అంటే లీటరుకు 70 కిలోమీటర్ల పైమాటే, వస్తుందని ప్రచారం జరిగింది. దాన్ని చమురు కంపెనీలు తొక్కిపెట్టాయని నేటికీ చెప్పుకుంటారు. పేటెంటు అంటే రహస్యాన్ని బొమ్మలతో సహా అచ్చువేసి అందరికీ అందుబాటులో ఉంచడమే. వాటి గడువు తీరి దశాబ్దాలైంది, ఎవరైనా చదివి చేసుకోవచ్చు. నడివీధిలో పెట్టి ఇంత పకడ్బందీగా దాచిన రహస్యం మరొకటి లేదు.

కార్ల కంపెనీల ప్రవర్తన ఇంకా అంతుపట్టదు. ఐరోపాలో కొత్త కార్ల సగటు కార్బన్ డయాక్సైడ్ పరిమితి దాటితే, దాటిన ఒక్కో గ్రాముకు ఒక్కో కారుపై 95 యూరోల జరిమానా. కిలోమీటరుకు 120 గ్రాములు వదిలే కారు మైలేజీని అయస్కాంతం ప్రచారంలో చెప్పినంత మెరుగుపరిచి ఇరవై శాతం పెట్రోలు మిగిలిస్తే తగ్గేది 24 గ్రాములు. అంటే కారుకు 2,280 యూరోల దాకా జరిమానా తప్పుతుంది. అయినా వారు అయస్కాంతం జోలికి పోరు. ఒక్క శాతం కోసం ఆయిల్‌ను పలచన చేస్తారు, పిస్టన్ రింగుల బిగువు తగ్గిస్తారు, బానెట్ వంపును నెలల తరబడి గాలి సొరంగంలో పెట్టి చెక్కుతారు. పాత ఐరోపా పరీక్షల కాలంలో గాలి నిరోధం తగ్గేలా తలుపుల సందులకు టేపు అంటించి మరీ పరీక్షకు పంపారన్న ఆరోపణలు వచ్చాయి. ఇంధన పరీక్షల వివరాలను తారుమారు చేసినట్టు మిత్సుబిషి 2016లో ఒప్పుకుంది. టేపు దాకా, తారుమారు దాకా దిగజారడానికి సిద్ధపడ్డ పరిశ్రమ, గుప్పెడంత అయస్కాంతాన్ని మాత్రం ముట్టుకోనంటోందంటే ఆ పంతం ఎంత లోతైనదో ఊహించండి.

ఇంజన్‌లో మైలేజీ పెంచే మార్పులు అసలే లేవని కాదు. కంప్రెషన్ నిష్పత్తిని, అంటే మండే ముందు సిలిండర్‌లోని మిశ్రమాన్ని ఎన్ని రెట్లు కుదిస్తారో ఆ లెక్కను, 9 నుంచి 11కు పెంచితే ఆదర్శ లెక్కలో సామర్థ్యం సుమారు 58 శాతం నుంచి 62 శాతం దరిదాపులకు వస్తుంది. కానీ అందుకు ఇంజను విప్పాలి, పెట్రోలు తనంతట తానే మండి ఇంజను టకటకలాడే నాకింగ్ రాకుండా, దాన్ని తట్టుకునే శక్తిని చెప్పే పెట్రోలు ఆక్టేన్ చూసుకోవాలి, జ్వలన సమయం సరిదిద్దాలి. పైగా ఇలాంటి మార్పులకు ఒక పెద్ద లోపం ఉంది. తూకం వేసినా నిలబడతాయి. వాటిలో మన ఊహకు గానీ పాదానికి గానీ చోటుండదు.

ఇంత చెప్పినా సొంతంగా పరీక్షించి తీరతామనే మొండివారు ఉంటారు. వారికి అడ్డుపడను. ఒకే పంపు, ఒకే పక్క, మొదటి టక్కుకే ఆపాలి. టైర్లలో గాలి ఒకే పీడనం, ఇంజను వేడెక్కాకే పరుగు, ఒకే దారిలో రానూపోనూ. పరికరం మూతపెట్టిన డబ్బాలో ఉందో లేదో ఇంట్లో ఇంకెవరో నాణెం ఎగరేసి నిర్ణయించి, మీకు చెప్పకుండా రాసిపెట్టుకోవాలి. ఇన్ని చేసినా ట్యాంకుకూ ట్యాంకుకూ మైలేజీ అయిదు శాతం అటూ ఇటూ ఊగుతుందనుకుందాం. పరికరం ఇచ్చే లాభం రెండు శాతం అనుకుందాం. దాన్ని ఊగులాట నుంచి విడదీసి నమ్మకంగా చెప్పాలంటే, గణాంక శాస్త్రంలో మామూలుగా వాడే ప్రమాణాల ప్రకారం పరికరంతో దాదాపు వంద ట్యాంకులు, లేకుండా దాదాపు వంద ట్యాంకులు తిరగాలి. ట్యాంకుకు 500 కిలోమీటర్లు వేసుకున్నా లక్ష కిలోమీటర్లు. అప్పటికి ఇంజను అరుగుతుంది, టైర్లు రెండు సార్లు మారతాయి, కాబట్టి ఆ మార్పులను కూడా లెక్కలోంచి తీసేయాలి.

ఈ కష్టం తెలిసినవారు కనుకనే పరికరాల అమ్మకందారులు కొనుగోలుదారుడి మీద ఎంతో దయ చూపుతారు. పనిచేయలేదని నిరూపిస్తే పూర్తి సొమ్ము వాపసు ఇస్తామంటారు. గడువు ముప్ఫై రోజులు.